రెండు రోజుల పదిహేడు నిమిషాలు

గది తాళం తీయగానే టైమక్క చేసే మొదటి పని గోడగడియారానికి కీ ఇవ్వడం. ఆ తర్వాత చేతి గడియారం చూసుకుంటుంది. రెండూ ఒకే మాట మీద ఉన్నాయని తేలాక రేడియో పెట్టి మూడో సాక్షిని కూడా అడుగుతుంది. ముగ్గురికీ కుదిరితే అప్పుడు పెన్సిలు చెక్కుకుని, రిజిస్టరు తెరిచి, ఆ రోజు రావలసిన కేకలన్నీ వరసగా పలక మీదికి ఎక్కిస్తుంది. తొమ్మిదీ ఆరుకు కొత్త దంపతులది. తొమ్మిదిన్నరకు బ్యాంకు మేనేజరుది. పదింబావుకు ఎర్రటోపీ ఆయనవి, రెండు. ఆ పలక కిటికీకి తగిలిస్తే ఎకో పాయింటు తెరిచినట్టే.

అగ్గిపెట్టెంత గది అది. ఒక బల్ల, ఒక కుర్చీ, గోడ నిండా పాత రిజిస్టర్లు. కిటికీ బయట పదడుగుల దూరంలో పసుపు గీత, గీత అవతల ఇనప కమ్మీ, కమ్మీ అవతల లోయ. గీత దాటి ఎంత మెల్లగా గొణిగినా ఆ మాట లోయకు చేరుతుంది. గీత ఇవతల ఎంత గొంతు చించుకున్నా చేరదు.

మిగతా చోట్ల లోయలు మాట పడీ పడగానే తిరిగి విసిరేస్తాయి. ఈ లోయది నిదానం. ఇవాళ వేసిన కేకను ఎల్లుండి ఇస్తుంది. కచ్చితంగా చెప్పాలంటే రెండు రోజుల పదిహేడు నిమిషాలకు. వచ్చే రోజున వాన పడితే మూడు నిమిషాలు ఆలస్యం, మంచు దిగితే ఐదు. ఆ లెక్క టైమక్కకు కొట్టిన పిండి. ఆమె అసలు పేరు జీతం తీసుకునే సంతకంలో తప్ప ఇంకెక్కడా కనపడక చాలా కాలమైంది.

ఒకప్పుడు ఈ ఊరు ఆ నిదానం మీదే బతికింది. వచ్చినవాళ్లు కేక వేసి, అది తిరిగొచ్చేదాకా మూడు రోజులు మకాం పెట్టేవారు. ఆ మూడు రోజుల్లో కొండలన్నీ తిరిగేవారు, ఉత్తరాలు రాసుకునేవారు, పక్క గదివాళ్లతో స్నేహాలు కలిపేవారు. మూడో రోజు బెంచీ మీద కూర్చుని తమ గొంతు తాము విని, కళ్లు తుడుచుకుని కొందరు, పగలబడి నవ్వుకుని కొందరు, ఇంటికెళ్లి పదిమందికి చెప్పేవారు. ఆ పదిమందీ మరుసటి ఏడాది వచ్చేవారు.

కమ్మీకి 'ఇక్కడ ఫోను మాట్లాడరాదు' అని ఒక బోర్డు ఉంటుంది. ఒకసారి ఒక జంట అక్కడే నిలబడి చుట్టాల గురించి దెబ్బలాడుకుని, ఆ సాయంత్రమే రాజీపడి, మూడో రోజు చేతిలో చెయ్యేసుకుని కేక వినడానికి వచ్చారు. పాత గొడవంతా పూస గుచ్చినట్టు తిరిగొచ్చింది. ఇద్దరూ వేర్వేరు బస్సులెక్కి వెళ్లిపోయారు. బోర్డు ఆ తర్వాత పెట్టిందే.

టైమక్కకు రెండు నియమాలున్నాయి. ఒకటి, ఎవరి కేక వాళ్లకే. అది వచ్చే వేళకు మిగతావాళ్లను దూరంగా పంపి, తను కిటికీ మూసుకుంటుంది. రెండు, కేక వేసినవాళ్లు ఆగకుండా వెళ్లిపోతే, వాళ్ల బదులు తనే బెంచీ మీద కూర్చుని వింటుంది. వినేవాళ్లు లేకుండా ఒక మాట వచ్చి ఉత్తిచేతులతో పోవడం ఆమెకు గిట్టదు. విన్నది మాత్రం కడుపులోనే దాచుకుని, రిజిస్టరులో 'విన్నారా' గడిలో 'లేరు' అని రాస్తుంది.

ఈ మధ్య ఆ రెండో నియమంతోనే ఆమె తలప్రాణం తోకకొస్తోంది. జనం పొద్దున బస్సు దిగి, కేక వేసి, ఫోటో దిగి, మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోతున్నారు. రోజుకు డెబ్బై ఎనభై కేకలు ఆమె ఒక్కతే వినాలి. వాటిలో అరవై ఒకే మాట. హాయ్ ఫ్రెండ్స్, లైక్ చేయండి, షేర్ చేయండి. సోమవారాలూ మంగళవారాలూ ఆ లోయ పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా టైమక్కను లైక్ చేయమని బతిమాలుతూ ఉంటుంది.

*

ఆమె వదిన, అంటే అన్న భార్య, కొండ దిగువన ఆరు గదుల లాడ్జి నడుపుతుంది. రోజూ టీ ఫ్లాస్కు పట్టుకుని పైకొచ్చి, ఫోను తెరిచి, ముందురోజు రివ్యూలు పేపరు చదివినట్టు చదివి వినిపిస్తుంది.

"విను. 'ప్లేసు బాగుంది. ఎకో మరీ స్లో. ఒక నక్షత్రం.' ఇంకోడు చూడు. 'పొద్దున ఆర్డరు పెడితే సాయంత్రానికి చెప్పులొస్తున్నాయి, కేకకు రెండు రోజులా?' ఇదిగో, నీ గురించి కూడా రాశారే. 'కిటికీలో ఆంటీ మర్యాదగా మాట్లాడింది, అందుకే రెండు నక్షత్రాలు.'"

"మంచోడు," అంది టైమక్క టీ ఊదుకుంటూ.

"మంచోడా నా తలకాయా. మొత్తం కలిపి ఒకటీ పాయింటు ఎనిమిది. రెండు లోపు ఉంటే ఈ నెలాఖరుకు టూరిజం వాళ్ల యాప్‌లోంచి తీసేస్తారట. యాప్‌లో లేకపోతే బస్సు కూడా ఆగదట. నా ఆరు గదుల్లో నాలుగు నెలలుగా మనిషన్నవాడు దిగలేదు. దుప్పట్లు ఉతికినవే మళ్లీ ఉతుకుతున్నా, చేతులు ఊరుకోక."

టైమక్క పలక వైపు చూసింది. ఇంకో నాలుగు నిమిషాల్లో ఒక కేక ఉంది. వేసినవాడు ఎప్పుడో వెళ్లిపోయాడు. గ్లాసు పక్కన పెట్టి బెంచీ మీదికి వెళ్లి కూర్చుంది. వదిన తల కొట్టుకుని కొండ దిగింది.

*

శనివారం పొద్దున టూరిజం ఆఫీసరు జీపులో వచ్చాడు. ముప్పై నాలుగేళ్లుంటాయి, ఎప్పుడూ ఫోను వెలుతురు మొహం మీద పడుతూ ఉంటుంది. ఆయన వెంట ఒక అమ్మాయి దిగింది. ఊళ్లు తిరిగి లైవ్ వీడియోలు చేస్తుందట, లక్షల మంది చూస్తారట. అందరూ ఆమెను లైవ్ అమ్మాయి అనే పిలుస్తారు.

ఆఫీసరు కిటికీ దగ్గరికొచ్చి తటపటాయించాడు. "టైమక్కా, మీకొక మాట చెప్పాలి. సోమవారం డైరెక్టరు గారొస్తున్నారు. ఆ రాళ్ల మధ్య ఎనిమిది స్పీకర్లు పెట్టిస్తున్నాం. కేక వేస్తే మూడు సెకన్లలో తిరిగొస్తుంది. పదకొండింటికి ప్రారంభం."

"మూడు సెకన్లలోనా," అంది టైమక్క. "మరి లోయలోంచి వచ్చేవో?"

"అవి కూడా వస్తాయి... రాకుండా ఏం లేదు."

"స్పీకర్లు రోజంతా హోరెత్తుతుంటే వాటినెవరు వింటారు సార్?"

ఆఫీసరు, రిజిస్టరు ఇక అవసరం లేదని, గది స్పీకర్ల మెషీనుకు కావాలని, ఆమెను కింద టికెట్ల దగ్గర కూర్చోబెడతామని, జీతంలో తేడా ఉండదని గబగబా చెప్పేసి పక్కకు తప్పుకున్నాడు. టైమక్క పెన్సిలు చేతిలోకి తీసుకుంది, ఎందుకంటే అప్పటికే లైవ్ అమ్మాయి పసుపు గీత దాటింది. ఎవరైనా గీత దాటితే టైమక్క కళ్లు గడియారం మీదికి వెళ్లిపోతాయి.

పదీ నలభై ఒకటి. అమ్మాయి ఫోను కర్రకు తగిలించి, కమ్మీ మీదికి వంగి, "కొండా, వింటున్నావా?" అని గట్టిగా అరిచింది. ఏడు సెకన్లు ఆగింది. తర్వాత కెమెరా వైపు తిరిగి, "రెండు రోజులు ఆగాలట. అంత టైమ్ ఎవరికుంది ఫ్రెండ్స్?" అని పెదవి విరిచింది. వీడియో ఆపేసి, గీత ఇవతలికొచ్చి, టైమక్క దగ్గర మంచినీళ్లడిగి తాగి, థాంక్యూ చెప్పి జీపెక్కింది. పొగరేం లేదు, పని తొందర తప్ప.

అప్పుడు మోగింది ఆఫీసరు ఫోను. సిగ్నల్ కోసం నాలుగడుగులు అటూ ఇటూ వేసి, ఎక్కడ బాగా వినపడిందో అక్కడే ఆగిపోయాడు. అది గీత అవతల. కమ్మీ మీద మోచెయ్యి ఆనించి, బోర్డుకు వీపు పెట్టి, గొంతు తగ్గించి రెండు నిమిషాలు మాట్లాడాడు. ఈ ఊళ్లో పుట్టినవాడే, కానీ ఫోను చెవిలో ఉన్నప్పుడు ఎవరికి ఏ ఊరు గుర్తుంటుంది. ఆయనేమన్నాడో టైమక్కకు వినపడలేదు. రాయవలసింది మాత్రం రాసింది. పదీ యాభై రెండు. ఆఫీసరు. మెల్లగా. 'ఏమన్నారు' గడిలో అడ్డగీత. 'ఎప్పుడొస్తుంది' గడిలో, సోమవారం పదకొండూ తొమ్మిది.

రాసి, ఆ అంకె వంక చూస్తూ ఉండిపోయింది. సోమవారం పదకొండూ తొమ్మిదికి ఇక్కడ డైరెక్టరు ఉంటాడు, జనం ఉంటారు, కెమెరాలుంటాయి.

*

సాయంత్రం లాడ్జి వరండాలో ఆఫీసరు ఫోను సంగతి వినగానే వదిన ఎగిరి గంతేసినంత పని చేసింది. "దేవుడు నోట్లో పంచదార పోశాడే. వాడేం వాగాడో అందరి ముందూ బయటపడనీ. నువ్వు నోరు మూసుకుని కూర్చో."

"చెప్పాలి వదినా. ఎవరి మాట ఎప్పుడొస్తుందో వాళ్లకు చెప్పడమే నా ఉద్యోగం."

"ఎల్లుండితో ఊడిపోయే ఉద్యోగం."

"ఎల్లుండి దాకా ఉంది కదా."

వదినకు ఒళ్లు మండిపోయింది. "నిన్ను ఏ ముహూర్తాన కన్నారో గానీ," అని ఉతికిన దుప్పటి ఇంకోసారి దులిపి లోపలికి వెళ్లిపోయింది. టైమక్క చాలాసేపు మెట్ల మీదే కూర్చుంది. ఆమెకు మాత్రం ఆశ లేదా? ఉంది. ఊరుకుంటే చాలు, లోయ తన పని తాను చేస్తుంది. కానీ ఇరవై ఆరేళ్లు ప్రతి మాటనూ దాని మనిషికి అప్పగించి, చివరి మాటను దొంగచాటుగా సంతలో వదిలేయడమంటే ఆమెకు మనసొప్పలేదు.

ఆదివారమైనా ఏర్పాట్ల కోసం ఆఫీసు తెరిచే ఉంది. టైమక్క ఒక పాత రిజిస్టరు చంకలో పెట్టుకుని వెళ్లి, ఆఫీసరు ఎదుట నిలబడి, చెప్పవలసింది ఒక్క ముక్కలో చెప్పింది. "సార్, నిన్న మీరు గీత దాటి ఫోను మాట్లాడారు. అది రేపు పదకొండూ తొమ్మిదికి వస్తుంది."

ఆయన లేచి తలుపు వేశాడు. "మీరు విన్నారా?"

"లేదు సార్. టైము రాసుకున్నానంతే."

ఆయన పేపరు వెయిట్ తిప్పుతూ తనంతట తనే చెప్పేశాడు. స్పీకర్లు పెట్టాలంటే ఉన్న ఎకో పోయిందని రిపోర్టు ఉండాలట. పైనుంచి డైరెక్టరు రాయమన్నాడు, ఈయన రాశాడు. లోయ చచ్చిపోయింది, ఆరు నెలలుగా ఒక్క కేకా తిరిగి రాలేదు అని. నిన్న ఫోనులో డైరెక్టరు గారు రిపోర్టు పక్కాగా ఉందా అని అడిగితే, ఉన్న విషయం ఆయనకు విప్పి చెప్పాడు.

"అది రేపు అందరి ముందూ వినపడితే నా ఉద్యోగం గోవిందా," అన్నాడు. "పదకొండూ తొమ్మిదికి స్పీకర్లు ఆన్ చేసేస్తాను. ఆ హోరులో కలిసిపోతుంది. ఏమంటారు?"

"మీ మాట మీది సార్. వింటారో ముంచుతారో మీ ఇష్టం. నేనెవరికీ చెప్పను." ఆమె రిజిస్టరు బల్ల మీద పెట్టి, ముందే గుర్తు పెట్టుకున్న పేజీ తెరిచింది. "ఇది మీకు చూపించి పోదామని తెచ్చాను. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది."

పెన్సిలు రాత వెలిసిపోయినా చదవడానికి వీలుగానే ఉంది. పిల్లాడు, ఎనిమిదేళ్లు, మోకాలికి కట్టు. ఏమన్నారు: 'నేను ఏడవలేదు!' విన్నారా: విన్నాడు. తండ్రి పని మానుకుని మూడో రోజు మళ్లీ ఎత్తుకొచ్చాడు.

ఆఫీసరు ఆ పేజీ మీద చెయ్యి పెట్టి తల ఎత్తలేదు. టైమక్క రిజిస్టరు అక్కడే వదిలి వచ్చేసింది.

*

సోమవారం తెల్లారేసరికి మంచు దిగింది. కమ్మీ కనపడటం లేదు, పసుపు గీత సగమే కనపడుతోంది. టైమక్క గడియారాలూ రేడియో సరిచూసుకుని, పలక మీద అంకెలన్నీ చెరిపి ఐదేసి నిమిషాలు కలిపి మళ్లీ రాసింది. రాస్తూ రాస్తూ ఆగింది. ఆఫీసరు పదకొండూ తొమ్మిదికి మీట నొక్కుతాడు, రెండు మూడు నిమిషాలు మోగించి, గండం గడిచిందనుకుని ఆపుతాడు. మంచు సంగతి ఆయనకు తెలియదు. చెప్పకపోతే అబద్ధమాడినట్టు కాదు. చెప్పకపోతే చాలు.

ఆమె రిజిస్టరు వెనక అట్ట నుంచి ఒక ముక్క చింపి రాసింది. 'మంచు ఉంది. ఐదు నిమిషాలు ఆలస్యం. మీది పదకొండూ పద్నాలుగు.' అప్పుడే కుర్చీలు మోయించడానికి వచ్చిన వదిన ఆ చీటీ చదివి నోరెళ్లబెట్టింది.

"నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటున్నావే, అదీ కొలతలు చూసుకుని మరీ."

"ఇచ్చి రా వదినా."

తిట్టుకుంటూనే ఇచ్చొచ్చింది వదిన. ఎంతైనా ఆడపడుచు.

పదిన్నరకల్లా నాలుగు వందల మంది పోగయ్యారు. గీత ఇవతల షామియానా, వేదిక, మైకు. వేదిక మీద ఎర్ర రిబ్బను చుట్టిన మీట, దాని పక్కన ఆఫీసరు, రాత్రంతా నిద్ర లేనివాడిలా. లైవ్ అమ్మాయి ఫోను కర్ర పట్టుకుని అందరికంటే ముందుంది. తెరమీద అంకె చూస్తూ, "నలభై వేల మంది చూస్తున్నారు ఫ్రెండ్స్," అని చెబుతోంది. సరిగ్గా పదకొండింటికి డైరెక్టరు మైకు అందుకుని, ఇది వేగం యుగమని, పర్యాటకుడి సమయం బంగారమని మొదలుపెట్టాడు. టైమక్క తన గదిలోనే కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఇక్కడ కూర్చోవడం ఇదే ఆఖరుసారి అనుకుంటూ గోడగడియారం వంక చూసింది.

పదకొండూ మూడు.

"కొండా, వింటున్నావా?"

మంచులోంచి, లోయ అడుగు నుంచి, తడిసి బరువెక్కిన గొంతు ఒకటి పైకి లేచింది. డైరెక్టరు ప్రసంగం ఆపి చుట్టూ చూశాడు. లైవ్ అమ్మాయి కర్ర లోయ వైపు తిప్పింది. ఏడు సెకన్లు నాలుగు వందల మందీ మంచులోకి చూశారు. అప్పుడు లోయ, ఆమె విరుపు ఆమెకే అప్పజెప్పింది.

"రెండు రోజులు ఆగాలట. అంత టైమ్ ఎవరికుంది ఫ్రెండ్స్?"

షామియానా మొత్తం గొల్లున నవ్వింది. లైవ్ అమ్మాయి నవ్వబోయి, నవ్వలేక, ఫోను తనవైపు తిప్పుకుంది. ఆమె కళ్లలో నీళ్లు నిలిచాయి. "ఫ్రెండ్స్, అది నేనే," అంది. "నా గొంతు నేనెప్పుడూ ఇలా వినలేదు. నాకెంత తొందరో చూశారా." తెర మీద అంకె నలభై నుంచి డెబ్బై వేలకు పాకింది.

డైరెక్టరు గొంతు సవరించుకున్నాడు. రిపోర్టు ప్రకారం చచ్చిపోయిన లోయ కొద్దిగా కూడా మొహమాటపడకుండా మాట్లాడటం ఆయనకు ఇబ్బందిగా ఉంది. కాసేపు సందేశాలిచ్చి, "ఇక ఆలస్యమెందుకు, ఆన్ చేద్దాం," అన్నాడు ఆఫీసరుతో.

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. టైమక్క కూడా చూసింది. పదకొండూ పదమూడు. ఆయన చెయ్యి మీట మీదే ఉంది. నొక్కితే పరువూ ఉద్యోగమూ రెండూ దక్కుతాయి, దానికి కావలసిన నిమిషం ఆమే చేజేతులా రాసిచ్చింది. టైమక్కకు ఆయన మీద కోపం లేదు. చూడలేక కళ్లు మూసుకుంది.

"ఒక్క నిమిషం సార్," అన్న మాట మైకులో వినపడింది. "నా వంతు ఉంది."

కళ్లు తెరిచేసరికి ఆయన వేదిక దిగి, జనంలోంచి నడిచి, పసుపు గీత దాటి, కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. బడిలో పిల్లాడు బెంచీ ఎక్కి నిలబడినట్టు.

పదకొండూ పద్నాలుగు.

"సార్, రిపోర్టు పక్కాగానే ఉంది సార్... కానీ ఎకో కూడా పక్కాగానే ఉంది సార్. రోజూ వస్తోంది. చచ్చిపోయిందని మీరు రాయమన్నారు కాబట్టి రాశాను. చిన్నప్పుడు మా నాన్న నన్నెత్తుకుని ఇక్కడే వినిపించాడు. ఆ తర్వాత నాకేనాడూ దేనికీ అంత సంతోషంగా ఎదురుచూసిన గుర్తు లేదు సార్... అలాగే సార్. సోమవారం పదకొండింటికి సార్. ఉంటాను సార్."

మెల్లగా అన్న మాటను లోయ మెల్లగానే ఇచ్చింది. కానీ స్పీకర్లు లేవు, హోరు లేదు, ఒక్క కుర్చీ కిర్రుమనలేదు. లక్షా పదివేల మంది వాళ్ల వాళ్ల ఇళ్లలో, బస్సుల్లో, ఆఫీసుల్లో అది విన్నారు.

ఆఫీసరు ఇటు తిరిగాడు. మొహం కడిగినట్టుంది. ఏడవలేదు, టైమక్క గమనించింది.

డైరెక్టరు ఎంతైనా ముప్పై ఏళ్లు పదవుల్లో నలిగినవాడు. నాలుగు వందల మొహాలూ, ఒక కెమెరా తన మీదున్నాయని ఇట్టే గ్రహించాడు. "చూశారా," అన్నాడు మైకులో. "ఇలాంటిదేదో ఉందనే అనుమానంతోనే స్వయంగా వచ్చాను. ఈ స్పీకర్లు వెంటనే తీయించండి." జనానికి నవ్వాలో చప్పట్లు కొట్టాలో తెలియలేదు. ముందు నవ్వారు. వదిన మాత్రం అప్పటికే కొండ దిగుతోంది. షామియానా కిందనే ముగ్గురు ఆమెను గదులున్నాయా అని అడిగారు.

*

లైవ్ అమ్మాయి కిటికీ దగ్గరికొచ్చింది. వెనకే జనం, వాళ్ల ముందు ఆఫీసరు. "అక్కా, ఇవన్నీ రాసేది మీరేనట. మీ కేకల్లో మీకు బాగా నచ్చినదేంటి? చెప్పండి, అందరూ అడుగుతున్నారు."

"నేనెప్పుడూ వేయలేదమ్మా."

"ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కూడానా?"

"నేను కేక వేస్తే టైమెవరు రాస్తారు?"

ఆఫీసరు గదిలోకొచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు. "లేవండి టైమక్కా," అన్నాడు. "నేను రాస్తాను. ఇక నాకు వేరే ఉద్యోగం ఉంటుందో లేదో కూడా తెలియదు."

ఆమె పెన్సిలు ఆయన చేతికిచ్చింది. ఇచ్చి, మొన సరిగ్గా ఉందో లేదో మళ్లీ తీసుకుని చూసి, మళ్లీ ఇచ్చింది. గది బయటికొచ్చి పసుపు గీత దగ్గర ఆగింది. ఎన్నో వేల మందిని ఈ గీత దాటించింది గానీ దాని అవతల నేల ఎలా ఉంటుందో ఆమె పాదాలకు తెలియదు. దాటింది. కమ్మీ చల్లగా తడిగా ఉంది. ఏమనాలో ముందుగా అనుకోలేదు, నోరు తెరిచేసరికి అదే వచ్చింది.

"ఇరవై ఆరేళ్లు! ఒక్క కేకా తప్పిపోలేదు!"

ఆ గొంతులో అంత సత్తువ ఉందని ఆమెకే తెలియదు. తర్వాత జనం గీతలూ హద్దులూ మరిచిపోయి కమ్మీ దాకా తోసుకొచ్చి చప్పట్లు కొట్టారు. ఆఫీసరు కిటికీలోంచి గట్టిగా చదివాడు. "పదకొండూ ముప్పై ఒకటి. ఎల్లుండి ఎప్పుడొస్తుంది టైమక్కా?"

ఆమె మంచు వైపు, ఆకాశం వైపు చూసి, తడి వేలు గాలిలోకి ఎత్తింది. "ఎల్లుండి ఎండ కాస్తుంది. పదకొండూ నలభై ఎనిమిది."

*

ఆ రెండు రోజుల్లో జరిగినవి వదిన చెబితేనే బాగుంటుంది గానీ, ఆమెకు ఊపిరి తీసుకునే తీరిక లేదు. ఆరు గదులూ నిండి, వరండాలో మంచాలు పడ్డాయి. యాప్‌లో ఆ పాత ఒకటీ పాయింటు ఎనిమిది పక్కన కొత్త నక్షత్రాలు పడుతూనే ఉన్నాయి. 'వెంటనే రాదు. అందుకే వెళ్లండి,' అని ఎవరో రాశారు. చెప్పుల ఆర్డరు గురించి రాసినాయన పెళ్లాం పిల్లలతో దిగి, మూడు రోజులకు గది అడిగాడు. స్పీకర్లు ఎనిమిదీ మూటగట్టి జీపెక్కించారు. ఆఫీసరుకు అబద్ధపు రిపోర్టు ఎందుకు రాశావని ఒక మెమో వచ్చింది. ఆయన 'తప్పే' అని ఒక్క మాట రాసి పంపాడు. అంతకుమించి పైవాళ్లు ఏమీ చేయలేకపోయారు, ఎందుకంటే వచ్చిన ప్రతివాడూ ముందు ఆయనెక్కడున్నాడనే అడుగుతున్నాడు. ఆ మంగళవారమే ఆయన యాప్‌లో ఒక కొత్త గడి పెట్టించాడు. 'మీ కేక ఎప్పుడొస్తుంది?' దాన్ని నింపే అధికారం టైమక్కది.

బుధవారం ఎండ కాసింది. బెంచీలన్నీ నిండిపోయి జనం గడ్డి మీద కూర్చున్నారు. లైవ్ అమ్మాయి ఆ రెండు రోజులూ ఊళ్లోనే ఉండిపోయింది. ఫోను కర్ర లేకుండా వచ్చి వదిన పక్కన చతికిలబడింది. నియమం ప్రకారం అందరూ లేచి దూరం జరగబోయారు.

"కూర్చోండి," అంది టైమక్క. "ఇది అందరిదీ."

పదకొండూ నలభై ఎనిమిది. సెకన్ల ముల్లు పన్నెండు మీదికి వచ్చీ రాగానే లోయ నోరు విప్పింది.

"ఇరవై ఆరేళ్లు! ఒక్క కేకా తప్పిపోలేదు!"

ఎండలో ఆరబెట్టిన బట్టలా తేటగా ఉంది ఆ గొంతు. అది తనదేనని నమ్మడానికి ఆమెకు రెండు క్షణాలు పట్టింది. అంతటితో అయిపోయిందనుకుని లేవబోయింది. అప్పుడు లోయ అడుగున ఎక్కడో వాన మొదలైనట్టు ఒక చప్పుడు పుట్టింది. పెరుగుతూ, దగ్గరవుతూ, అంచు దాకా పొంగి పైకొచ్చింది. సోమవారం నాటి నాలుగు వందల మంది చప్పట్లు. గడ్డి మీద కూర్చున్నవాళ్లు ఒక్కరూ చేతులు కదపలేదు. కొడుతున్నది కొండ కదా, విన్నారు. టైమక్క నిలబడే విన్నది. కన్నీళ్లు కారుతుంటే తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

చప్పట్లు సద్దుమణిగాక గదిలోకి వెళ్లింది. ఆఫీసరు లేచి కుర్చీ ఇచ్చాడు. సోమవారం పదకొండూ ముప్పై ఒకటి వరసలో రెండు గడులు ఖాళీగా ఉన్నాయి. ఎవరిది అన్నచోట ఏం రాయాలో తెలియక వదిలేశానన్నాడు.

టైమక్క పెన్సిలు అందుకుని, 'నాది' అని రాసింది. ఆఖరి గడి దగ్గరికొచ్చి, 'విన్నారా?' అన్న ప్రశ్న చదువుకుని, ఇరవై ఆరేళ్లలో ఒక్కసారీ రాయని మాట రాసింది.

'విన్నాను.'